కప్పును గాలి ఎలా ఎత్తుకుపోతుంది?

పిల్లలూ! పెద్ద తుఫాను వెలిసిన మరునాడు ఇళ్ళ మీది రేకులు పొలాల్లో పడి ఉండటం మీలో కొందరు చూసే ఉంటారు. గోడలు నిలిచే ఉంటాయి, కప్పు మాత్రం ఉండదు. ఎందుకని? ఇది తెలిస్తే తక్కువ ఖర్చుతో ఇంట్లో ఒక్క గదినైనా గాలికి తట్టుకొనేలా కట్టుకోవచ్చు.

గాలికీ బరువుంది. ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. అందులో సగాన్ని, అంటే 0.6ను, గాలి వేగపు వర్గంతో గుణించండి. వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసికొంటే, చదరపు మీటరుపై పడే పీడనం న్యూటన్లలో వస్తుంది.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫానులో గాలి వేగం గంటకు సుమారు 100 కిలోమీటర్లు. అంటే సెకనుకు 28 మీటర్లు. లెక్క కడితే చదరపు మీటరుకు 470 న్యూటన్లు, సుమారు 47 కిలోల బరువు. మన కోస్తాలో చాలాచోట్ల ఇంజనీర్లు లెక్కకు తీసికొనే వేగం సెకనుకు 50 మీటర్లు. అప్పుడు పీడనం 150 కిలోలు! వేగం రెండింతలైనా కాలేదు, పీడనం మూడింతలు దాటింది.

గాలి చూరుకు తగిలి కప్పు మీదుగా పోయేటప్పుడు పైన పీడనం తగ్గుతుంది. తలుపో, కిటికీయో ఊడితే లోపల దూరిన గాలి కప్పును కింది నుంచి నెడుతుంది. రెండూ కలిస్తే కప్పును లేపే బలం మనం కట్టిన లెక్కకు దాదాపు సమానమవుతుంది. అంచుల దగ్గర ఇంకా ఎక్కువే. ఇనుప రేకు బరువో, చదరపు మీటరుకు 5, 6 కిలోలే!

మన చీమకుర్తిలో గ్రానైటు రాళ్ళకు కొదవలేదు కదా, రేకుల మీద నాలుగు రాళ్ళు పెడితే చాలదా? చాలదు. 10 చదరపు మీటర్ల గదికి 1,500 కిలోల రాళ్ళు కావాలి. అంత బరువును రేకులు మోయలేవు. రాళ్ళు జారితే మనుషుల మీదే పడతాయి.

అదే గది చుట్టూ ఉన్న తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు 15 టన్నులకు పైగా తూగుతాయి. బరువు ఇంట్లోనే ఉంది, లేనిది ముడి. కాబట్టి రాళ్ళను పునాదిలో సిమెంటుతో కట్టండి. మూలల్లో ఇనుప చువ్వలను పునాది నుంచి గోడపైనున్న కాంక్రీటు పట్టీ దాకా నిలపండి. దూలాలను ఆ పట్టీకి, రేకులను దూలాలకు బోల్టులతో బిగించండి. గొలుసులో ఒక్క కొక్కెం వదులైనా గొలుసంతా వృథాయే.

ఇంకా మంచి ఉపాయం, ఇల్లంతా రేకులే అయినా ఒక్క చిన్న గదికి స్లాబు వేయడం. 10 సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు 250 కిలోలు తూగుతుంది. కిటికీ చిన్నది, తలుపు గట్టిది ఉండాలి. అమెరికాలో టోర్నడోలకు భయపడి నేలమాళిగలు కట్టుకొంటారు. మన తుఫాను వానకు అవి నీటి గుంటలవుతాయి.

ఒక ప్రయోగం చేయండి. అట్టపెట్టెకు అట్టకప్పు పెట్టి టేబులు ఫ్యాను ముందుంచండి. గాలి వచ్చే వైపు కిటికీ కోసి మళ్ళీ చూడండి. తరువాత కప్పును దారంతో పెట్టె అడుగుకు కట్టి చూడండి. తేడా నోటు పుస్తకంలో రాయండి.

ఒక్క హెచ్చరిక. ఈ గది గాలికే గాని ఉప్పెనకు కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది చనిపోయారు. తీరంలో ఉండేవారు హెచ్చరిక రాగానే తుఫాను షెల్టరుకు వెళ్ళవలసిందే. గాలి హఠాత్తుగా ఆగితే తుఫాను పోయిందనుకోకండి. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది.

ఈ రోజే మీ ఇంటి కప్పు దేనికి కట్టి ఉందో, అది మళ్ళీ దేనికి కట్టి ఉందో పునాది దాకా పరిశీలించండి. ముడి ఎక్కడ తెగిందో పెద్దలకు చూపించండి.