కుట్టు విప్పినట్టు: సర్వర్‌లో వేసిన అప్‌డేట్‌ని తీయడం ఎట్లా?

"కంప్యూటర్ విషయాల్ని తెలుగులో రాయలేమా?" అని పోయిన నెల క్లాసులో మేడమ్ అడిగినప్పుడు నేను చెయ్యెత్తాను. ఎత్తిన తర్వాత భయమేసింది. నేను చదివేది బి.ఏ., కంప్యూటర్ సైన్స్ కాదు. కానీ మా అక్క ఆరేళ్ళుగా సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉంది. మా ఇంట్లో నాయన మాట తెలుగు, అమ్మ మాట తమిళం, అక్క ఆఫీసు ఫోన్ వస్తే ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య కూర్చొని, రెండు ఆదివారాలు అక్కని ప్రశ్నలడిగి నేర్చుకున్న పాఠం ఇది.

అక్క ఒకటే షరతు పెట్టింది. "నేను చేసిన తప్పు కూడా రాయవే. అది లేకపోతే ఈ పాఠం ఎవరికీ గుర్తుండదు" అంది. అందుకే దాంతోనే మొదలుపెడుతున్నా.

ఆ రోజు జరిగింది

అక్క మొదటి ఉద్యోగంలో ఉన్నప్పటి మాట. ఒక ఆసుపత్రి మందుల షాపు లెక్కలన్నీ ఒక సర్వర్‌లో ఉండేవి. ఒక రాత్రి దాంట్లో అప్‌డేట్ వేశారు. పొద్దున ఆరున్నరకి షాపు తెరిచారు, బిల్లులు బాగానే పడ్డాయి. పదకొండు గంటలకి ప్రింటర్ ఆగిపోయింది. కౌంటర్ దగ్గర జనం, ఫోన్ మీద ఫోన్. అప్‌డేట్ వేసే ముందు స్నాప్‌షాట్ తీసిపెట్టినట్టు అక్కకి గుర్తొచ్చింది. స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో సర్వర్ మొత్తం ఎట్లా ఉందో అట్లాగే దాచిపెట్టుకోవడం. సర్వర్‌ని ఆ స్నాప్‌షాట్‌కి తిప్పేసింది. కాసేపట్లో ప్రింటర్ పనిచేసింది. అందరూ మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం కౌంటర్‌లో పనిచేసే ఒకామె వచ్చి, "పొద్దున వేసిన బిల్లులు ఏవమ్మా?" అని అడిగింది. లేవు. సర్వర్ ముందు రోజు రాత్రికి వెళ్ళిపోయింది కదా, ఆ నాలుగున్నర గంటల బిల్లులూ దాంతోపాటే పోయాయి. ఏ మందు ఎంత మిగిలిందో లెక్క తప్పింది. ఆ రాత్రి పది దాకా అక్క, ఆ కౌంటర్ ఆమె కూర్చొని, కాగితం బిల్లుల నకళ్ళు చూసి ఒక్కొక్కటే మళ్ళీ ఎక్కించారు. ఇంటికొచ్చి "తలనొప్పి" అని చెప్పి పడుకుంది. అసలు సంగతి నాకు తెలిసింది ఇప్పుడే.

"అప్‌డేట్‌ని తీయడం వేరు, సర్వర్‌ని నిన్నటికి తిప్పడం వేరు. ఆ తేడా ఆలోచించకుండా చేశాను" అంది అక్క. ఈ పాఠమంతా ఆ తేడా గురించే.

తీస్తే ఏమేం పోతాయి?

సర్వర్ అంటే ఆఫీసులో అందరి కంప్యూటర్లూ అడిగే పనులు చేసిపెట్టే కంప్యూటర్. దాంట్లోని సాఫ్ట్‌వేర్‌లో లోపాలు బయటపడినప్పుడు, తయారుచేసినవాళ్ళు పంపే సవరణే అప్‌డేట్. దీనికి "నవీకరణ" అనే మాట ఉంది గానీ, మనం నోటితో అనేది అప్‌డేటే కాబట్టి అదే వాడుతున్నా.

ఉదాహరణకి విండోస్ సర్వర్ తీసుకుందాం. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తుంది. ఒక్కోదానికి "కెబి"తో మొదలయ్యే ఒక నంబరు ఉంటుంది. వీటిలో ముఖ్యమైనది క్యుములేటివ్ అప్‌డేట్, అంటే అన్నీ కలిపిన మూట. ఈ నెల మూటలో పాత నెలల సవరణలు కూడా ఉంటాయి. మూటలో ఒక్క సవరణ నచ్చలేదని దాన్ని మాత్రమే ఏరి తీయలేం. మూట మొత్తం తీయాలి. అప్పుడు సర్వర్ అంతకుముందు వేసిన మూట దగ్గరికి వెళ్తుంది. ఈ నెల మూసిన భద్రతా లోపాలన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి. అందుకే తీయడం చివరి మందు, మొదటి మందు కాదు.

మా అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. చెయ్యి బిగుతైతే కుట్టు విప్పాలి. నేను దారం పట్టుకొని లాగబోతే అమ్మ "మెదువా పిరి" అంటుంది, మెల్లగా విప్పు అని. చివర వేసిన కుట్టు ముందు విప్పాలి, గుడ్డ చిరగకూడదు. అప్‌డేట్ తీయడం ఇట్లాంటిది. స్నాప్‌షాట్‌కి తిప్పడం అంటే జాకెట్ మొత్తాన్ని మళ్ళీ గుడ్డముక్క చేసేయడం. ఆ మధ్యలో కుట్టిన హుక్కులు, లేసు అన్నీ పోతాయి. మందుల షాపులో పోయిన బిల్లులు ఆ హుక్కులే.

తీయడానికి ముందు

ఒకటి: తప్పు నిజంగా అప్‌డేట్‌దేనా? సమస్య ఎప్పుడు మొదలైంది, అప్‌డేట్ ఎప్పుడు పడింది, ఆ రోజు ఇంకేం మార్చారు అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సర్వర్ తనలో జరిగినవన్నీ ఈవెంట్ లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. ముందు అది చదవాలి. తన సర్వర్ విషయంలో అక్క చిట్టా తర్వాత చదివింది. ప్రింటింగ్ సర్వీస్ ఒకటి ఆగిపోయి ఉంది. దాన్ని మళ్ళీ మొదలుపెడితే సరిపోయేదేమో!

రెండు: వెనక్కి కాకుండా ముందుకి వెళ్ళే దారి ఉందా? 2024 మార్చి 12న వచ్చిన విండోస్ సర్వర్ అప్‌డేట్ల తర్వాత, లాగిన్‌లను సరిచూసే డొమైన్ కంట్రోలర్ సర్వర్లలో ఒక ప్రక్రియ మెమరీని తింటూ పోయింది. కొన్ని సర్వర్లు వాటంతటవే రీస్టార్ట్ అయ్యాయి. చాలామంది ఆ అప్‌డేట్‌ని తీసేశారు. తయారీదారే మార్చి 22 నుంచి సవరించిన అప్‌డేట్లు ఇచ్చింది. అందుకని "తెలిసిన సమస్యలు" అని తయారీదారు పెట్టే జాబితా ముందు చూడాలి. సవరణ వచ్చేసి ఉంటే అది వేయడమే మేలు.

మూడు: బ్యాకప్. ఈ పూట దాకా ఉన్న డేటాకి విడిగా బ్యాకప్ తీయాలి. తీస్తే చాలదు, దాన్నుంచి నిజంగా డేటా తిరిగి వస్తుందో లేదో చూసుకోవాలి. ఒకవేళ గతిలేక స్నాప్‌షాట్‌కి తిప్పాల్సి వచ్చినా, అప్పటి నుంచి ఇప్పటి దాకా చేరిన డేటా ఎక్కడ దాచామో తెలిసి ఉండాలి.

నాలుగు: తాళంచెవులు చేతిలో ఉన్నాయా? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో లోపం వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా. మన దేశంలో కూడా విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. తీయాల్సింది ఒక్క చిన్న ఫైలే. కానీ కంప్యూటర్ లేస్తేనే కదా దూరం నుంచి తీయగలిగేది! చాలా చోట్ల మనిషి మెషీన్ దగ్గరికే వెళ్ళి సేఫ్ మోడ్‌లో తెరవాల్సి వచ్చింది. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. ఆ కీలు కూడా ఆగిపోయిన సర్వర్‌లోనే దాచి ఉంటే ఇక చెప్పేదేముంది? బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టినట్టు.

తీసేటప్పుడు

వాడేవాళ్ళకి ముందే చెప్పి, పని తక్కువున్న వేళ ఎంచుకోవాలి. ఒకేలాంటి సర్వర్లు నాలుగుంటే ముందు ఒక్కదాంట్లోనే తీసి చూడాలి. అక్క అయితే ఇప్పుడు పక్కన ఇంకో మనిషి లేకుండా ఈ పని చెయ్యదు. ఒకరు చేస్తే ఒకరు చదివి సరిచూస్తారు.

విండోస్‌లో వేసిన అప్‌డేట్ల జాబితాలో కెబి నంబరు చూసి అక్కడే తీయొచ్చు. "వుసా" అనే పనిముట్టుతో ఆదేశం ఇచ్చి కూడా తీయొచ్చు. కొన్నిసార్లు వుసా కుదరదు అంటుంది. అప్‌డేట్లని వేసే యంత్రాంగానికి సర్వీసింగ్ స్టాక్ అని పేరు. దాని సవరణ కూడా అదే మూటలో కలిసి వస్తే, ఆ భాగాన్ని తీయడం కుదరదు. అప్పుడు "డిజమ్" అనే పనిముట్టుతో ప్యాకేజీల జాబితా తెప్పించుకొని, అసలు అప్‌డేట్ ప్యాకేజీ పేరు చెప్పి దాన్ని మాత్రం తీయాలి. ఎంత తొందరున్నా, తయారీదారు చెప్పకుండా సిస్టమ్ ఫైళ్ళని చేత్తో చెరపకూడదు. రీస్టార్ట్ అయ్యేటప్పుడు తెర మీద మార్పులు జరుగుతున్నాయని చాలాసేపు కనిపించొచ్చు. విసుగొచ్చి కరెంటు తీయకూడదు.

ఇంకో జాగ్రత్త. డిస్క్‌లో జాగా కోసం "రీసెట్‌బేస్" అనే శుభ్రం చేసే ఆదేశం వాడితే, అప్పటికే వేసిన అప్‌డేట్లని ఇక తీయలేం. పాత కొలతల చీటీ చించేసి, తర్వాత జాకెట్ సరిచెయ్యమంటే అమ్మ మాత్రం ఏం చేస్తుంది?

లైనక్స్ సర్వర్లలో దారి వేరు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌లో "డిఎన్ఎఫ్" ప్రతి మార్పుకీ ఒక నంబరు వేసి చరిత్ర రాస్తుంది. ఆ నంబరు చెప్పి "అన్‌డూ" అంటే ఆ మార్పు వెనక్కి పోతుంది. కెర్నల్ అయితే మామూలుగా మూడు రూపాలు ఉంచుకుంటుంది, కొత్తది మొరాయిస్తే పాతదాంతో లేపొచ్చు. కానీ ఈ అన్‌డూతో సిస్టమ్ మొత్తాన్ని పాత వెర్షన్‌కి దించడాన్ని రెడ్ హ్యాట్ సమర్థించదు. డేటాబేస్ సంగతి ఇంకా నాజూకు. పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మారాక, కొత్త వెర్షన్ రాసిన డేటా ఫోల్డర్‌ని పాత వెర్షన్ చదవలేదు. సాఫ్ట్‌వేర్ వెనక్కి వస్తుంది, డేటా రాదు. తోడేసిన పెరుగు మళ్ళీ పాలవుతుందా?

తీసిన తర్వాత

సర్వర్ లేచింది కదా అని సంబరపడకూడదు. వాడే మనిషిని పిలిచి, తన పని తనతోనే చేయించి చూడాలి. బిల్లు వేయమని, పాత బిల్లు తెరవమని అడగాలి. ఆ రోజు అక్క ఈ రెండో మాట అడిగి ఉంటే బిల్లులు పోయిన సంగతి అప్పుడే బయటపడేది.

తర్వాత, ఆ అప్‌డేట్ మళ్ళీ తనంతట తాను పడకుండా ఆపాలి. లేకపోతే ఆ రాత్రికే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఆపామని మరిచిపోనూకూడదు. భద్రతా లోపం తెరిచే ఉంది కాబట్టి, సవరించిన అప్‌డేట్ వచ్చిందా అని రోజూ చూసి, రాగానే వేయాలి. ఎందుకు తీశాం, ఎవరు తీశారు, ఎప్పుడు మళ్ళీ వేస్తాం అనేవి రాసిపెట్టాలి.

అక్క దగ్గర ఇప్పుడొక నోటుపుస్తకం ఉంది. ప్రతి అప్‌డేట్‌కీ ఒక పేజీ. "ఎట్లా వేయాలి" కంటే ముందు "ఎట్లా తీయాలి" అని రాస్తుంది. దాని కింద ఇంకో గీత: "తీస్తే ఎవరి పని పోతుంది?" నాకు ఈ పాఠంలో అన్నిటికంటే నచ్చింది ఆ గీతే. సర్వర్‌లో ఉన్నవి ఫైళ్ళు అనుకుంటాం గానీ, అవి పొద్దున ఆరున్నర నుంచి కౌంటర్‌లో నిలబడి ఒకామె చేసిన పని.

ఇందులో ఏ మాట అర్థం కాకపోయినా దాని కింద పెన్సిల్‌తో గీత పెట్టండి. వచ్చే నెల ఇంకా తేలిగ్గా రాయడానికి ప్రయత్నిస్తా.