కట్ట విప్పితే లెక్క తేలుతుంది

52లోంచి 27 తీసేస్తే 35. దసరా సెలవులకు మా ఇంటికొచ్చిన మేనకోడలు నోటుపుస్తకంలో కనిపించిన లెక్క ఇది. రెండో తరగతి. లెక్క తప్పే, కానీ అది ఊరికే పడిన తప్పు కాదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసింది, అయిదు. అయిదులోంచి రెండు తీసింది, మూడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలన్న మాటను బుద్ధిగా పాటించింది. ఈ తప్పు చేసే పిల్లలు చాలామందే ఉంటారు. వాళ్లకు తీసివేత తెలుసు. 52 అంటే అయిదు పదులూ రెండు ఒకట్లూ అన్న సంగతే ఇంకా చేతికి తగల్లేదు.

2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, రాయడంతోపాటు తొలి లెక్కలూ రావాలంటోంది. అందులో ఇంటివాళ్లు చేయగలిగింది చాలా ఉంది. లెక్క ముందు చేతికి రావాలి, తర్వాత నోటికి, ఆ తర్వాతే కాగితం మీదికి. ఈ వరస తప్పకుండా మేం చేసిన పని చెబుతాను.

కావలసినవి

కొత్త కొబ్బరి చీపురు ఒకటి, డజను రబ్బరు బ్యాండ్లు, ఒక రిబ్బను ముక్క, పది చింతగింజలు, ఒక పలక. ఈనెల మొనలు తీసేసి, బెత్తెడు ముక్కలుగా కత్తిరించండి. వందకు పైగా ముక్కలు ఉండాలి. కత్తెర పని పెద్దవాళ్లదే. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఇంట్లో ఉంటే చింతగింజల మీద ఓ కన్నేసి ఉంచండి. రోజుకు పావుగంట చాలు. బిడ్డ ఇంకా కావాలన్నా ఆపేయండి, మర్నాడు తనే పిలుస్తుంది.

మొదటి మెట్టు: పుల్ల, కట్ట, మోపు

పుల్లలన్నీ చాప మీద పోసి, "ఎన్ని ఉంటాయంటావు?" అని అడగండి. ఏదో ఒక అంకె చెప్పనివ్వండి. తర్వాత పదేసి చొప్పున లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయమనండి. ఈ కట్టలు మీరు కట్టి ఇవ్వకండి. తన చేత్తో పది లెక్కపెట్టి కట్టుకుంటేనే, ఆ కట్టలో పది ఉన్నాయని బిడ్డకు నమ్మకం. పది కట్టలయ్యాక రిబ్బనుతో కలిపి కడితే వంద, అది మోపు. పుల్ల, కట్ట, మోపు: ఒకట్లు, పదులు, వందలు. మిగిలిన పుల్లలు పక్కన పెట్టండి.

రెండో మెట్టు: అంకెను తెలుగులో పలకడం

మోపు విప్పి రెండు కట్టలు, మూడు పుల్లలు ముందు పెట్టండి. ఇరవై మూడు. మన మాటలో కట్టలు ముందొస్తాయి, పుల్లలు తర్వాత. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా కూడా ముందు పలికేది పదే. పదమూడు, పదహారుల్లో అది తేటగా వినిపిస్తుంది, పన్నెండు, పంతొమ్మిదిలో కాస్త రూపు మార్చుకుంటుంది. ఇంగ్లిషులో ఫోర్టీన్ అన్నప్పుడు నాలుగు ముందు వినిపిస్తుంది, పైగా ఫార్టీకి దగ్గరగా ఉంటుంది. అందుకే కొందరు పిల్లలు 14 రాయమంటే 41 రాస్తారు. బడి ఇంగ్లిషు మీడియమైనా ఇంట్లో ఈ లెక్క తెలుగులో పలికించండి. మీరు అంకె చెబితే బిడ్డ కట్టలు పేర్చాలి, బిడ్డ పేరిస్తే మీరు చెప్పాలి. మధ్యలో ఓసారి కావాలనే తప్పు చెప్పండి. దొరకబుచ్చుకున్నప్పుడు ఆ మొహం చూడాలి!

మూడో మెట్టు: గుప్పిట్లో ఎన్ని?

పది చింతగింజలు తీసుకుని కొన్ని గుప్పిట్లో దాచి, మిగతావి చూపించండి. "ఆరు కనిపిస్తున్నాయి, గుప్పిట్లో ఎన్ని?" ఒకటీ తొమ్మిదీ, రెండూ ఎనిమిదీ, మూడూ ఏడూ, నాలుగూ ఆరూ, అయిదూ అయిదూ. పదికి ఉన్న జతలు ఇవే. వీటిమీదే ముందున్న పనంతా నడుస్తుంది కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. మాకు వారం పట్టింది. వేళ్లు మడిచి లెక్కపెడితే కసరకండి. జతలు గుర్తుండిపోయాక వేళ్లు వాటంతట అవే ఆగిపోతాయి.

నాలుగో మెట్టు: కట్ట విప్పడం

ఇప్పుడు అసలు లెక్క. అయిదు కట్టలు, రెండు పుల్లలు పెట్టాం. "నాకు ఇరవై ఏడు ఇవ్వు" అన్నాను. రెండు కట్టలు చేతిలో పెట్టింది. ఏడు పుల్లలు ఇవ్వబోతే ఉన్నవి రెండే. ఇక్కడ పెద్దవాళ్లు నోరు కట్టేసుకోవాలి. నాకూ కష్టమే అయింది. కాసేపు పుల్లల వంక, కాసేపు నా వంక చూసి, చివరికి అడిగింది: "అత్తా, కట్ట విప్పనా?"

ఆ మాట బిడ్డ నోటి నుంచే రావాలి. రాకపోతే ఆ పూటకి ఆపేసి, మర్నాడు మళ్లీ పెట్టండి. విప్పాక అక్కడ రెండు కట్టలు, పన్నెండు పుల్లలు. విప్పిన పదిలోంచి ఏడు ఇస్తే మూడు మిగిలాయి. గుప్పిట ఆట ఇక్కడ అక్కరకొచ్చింది. ఆ మూడూ, ముందున్న రెండూ కలిస్తే అయిదు. మొత్తం ఇరవై అయిదు.

బళ్లో దీన్ని 'అప్పు తీసుకోవడం' అంటారు. పిల్లలకు ఆ మాట చిక్కే, ఎందుకంటే అప్పు తీరుస్తారు, ఇది ఎవరికీ తీర్చేది కాదు. ఇంట్లో మటుకు మేం 'కట్ట విప్పడం' అనే అన్నాం. దుకాణంలో పది నోటుకు చిల్లర తీసుకోవడమూ ఇదేనని చెబితే ఇట్టే పట్టుకుంది.

అయిదో మెట్టు: పలక మీదికి

పుల్లలు పక్కనే ఉండాలి. ఈసారి ముందు పుల్లలు, తర్వాత కట్టలు ఇవ్వమనండి. కట్ట విప్పినప్పుడు పలక మీద 5 కొట్టేసి 4 రాయాలి, 2 పక్కన ఒకటి చేర్చి 12 చేయాలి. చేతిలో ఏం జరిగిందో పలక మీద అదే పడాలి, ముందుగా ఏదీ రాయకూడదు. రెండు మూడు రోజులయ్యాక పుల్లలను గుడ్డ కప్పి ఉంచండి, కావాలంటేనే తీయమనండి. అడగడం మానేసిందంటే లెక్క కాగితానికి చేరినట్టే.

ఆఖరున వందలోంచి 36 ఇవ్వమనండి. మోపు విప్పితే పది కట్టలు, అందులో ఒకటి విప్పితే తొమ్మిది కట్టలు, పది పుల్లలు. ఇక 64 దానంతటదే తేలుతుంది. సున్నాలు చూసి బెదిరే పిల్లలకు దీన్ని మించిన మందు లేదు.

నిలబెట్టుకోవడానికి

వచ్చింది పోకుండా ఆటలున్నాయి. ఇంకొన్ని చింతగింజలు చేరిస్తే వామనగుంటలకు సరిపోతాయి. పద్నాలుగు గుంటల్లో నాలుగేసి వేస్తే ఎన్ని కావాలో మీరు చెప్పకండి, తననే లెక్కకట్టమనండి. కూరల బజారుకు వెంట తీసుకెళ్లి, చిల్లర ఎంత రావాలో ముందే అడగండి. జవాబు సరిగ్గా చెప్పినా "ఎలా చేశావు?" అని అడగడం మానకండి. తప్పు చేసినప్పుడు మాత్రమే ఆ ప్రశ్న వేస్తే అది తిట్టులా వినిపిస్తుంది.

మా పని మూడు వారాలు నడిచింది. సెలవులైపోయాక ఆదివారాలు కూడా కలిశాం. చివరి ఆదివారం పాత నోటుపుస్తకం తెరిచి, 52, 27, 35 ఉన్న పేజీ చూపించి ఏమీ అనకుండా కూర్చున్నాను. 35కి పుల్లలు పేర్చింది, 27 కలిపింది. అయిదూ ఏడూ పన్నెండు కాగానే పది పుల్లలకు బ్యాండు వేసింది. ఆరు కట్టలు, రెండు పుల్లలు. కాసేపు వాటినే చూసి, ఒక కట్ట తీసి నా ఒళ్లో పెట్టింది.

"అత్తా, అప్పుడు ఈ కట్ట విప్పడం మర్చిపోయాను."