పట్నంలో పెరటి కోడి – లాభనష్టాలు



మన మెట్ట ప్రాంతంలో జగ్గయ్యపేట, నందిగామ రోజురోజుకూ పెరుగుతున్నాయి. పల్లె నుండి వచ్చి అద్దెకు చేరిన అమ్మలు నాలుగు కోళ్ళు పెంచుకుంటామంటే ఇంటివారు, ఇరుగుపొరుగువారు వద్దంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ముందు లాభాలు చూద్దాం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నాటుకోడి ఏడాదికి 50–60 గుడ్లు పెడుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా 100 దాకా, గ్రామప్రియ అంతకన్నా ఎక్కువ పెడతాయి. నూకలు, తవుడు, మిగిలిన అన్నమే మేత. గుడ్ల డబ్బు ఆడవారి చేతిలో ఉంటుంది. మా ఇంట్లో నా పరీక్ష ఫీజులు కొన్ని ఆ డబ్బుతోనే కట్టారు.

ఇక అభ్యంతరాలు మూడు: కూత, కంపు, రోగం.

తెల్లవారుజామున కూసేది పుంజు. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కరలేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. న్యూయార్క్ నగరంలో పెట్టలను పెంచనిస్తారు, పుంజులను నిషేధించారు. గూట్లో పొడి ఊక పరచి తరచూ మారిస్తే కంపు తగ్గుతుంది, ఆ ఊక మొక్కలకు ఎరువవుతుంది. కొక్కెర తెగులుకు టీకా ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కనుక, చచ్చిన కోడిని కోయకుండా, పారవేయకుండా పశువైద్యునికి చెప్పాలి.

కాబట్టి పుంజు లేకుండా, నాలుగైదు పెట్టలకు, శుభ్రత, టీకా షరతులతో అనుమతి ఇవ్వడం న్యాయం. అప్పుడప్పుడు పక్కింటికి రెండు గుడ్లిస్తే సగం తగాదా అక్కడే తీరుతుంది!

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు టీకా సంగతి అమ్మకు చెప్పండి.

– పూర్వ విద్యార్థి, పి.జి.