వ్యాధి – దైవము – పురుషకారము

ధర్మార్థకామమోక్షములను నాలుగు పురుషార్థములకును ఆరోగ్యమే మూలమని చరకసంహిత ఉపదేశించుచున్నది. స్నానము, సంధ్య, తీర్థయాత్ర, భగవత్కైంకర్యము – వీనిలో ఏది సాగవలెనన్నను దేహము సహకరింపవలయును. అట్టి దేహమునకు వ్యాధి ఏల కలుగుచున్నది? ఈ ప్రశ్నకు మన యిండ్లలో తరచుగా వినవచ్చు సమాధానమొక్కటే: “పూర్వజన్మ కర్మము; అనుభవింపక తప్పదు.” ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని దానిని సగమే గ్రహించుటవలన రెండు అనర్థములు సంభవించుచున్నవి. రోగికి సకాలమున చికిత్స జరుగకపోవుట మొదటిది. రోగిని పాపియని తలచి దూరముగా నుంచుట రెండవది. ఈ రెండును మన శాస్త్రమునకు గాని, పూర్వాచార్యుల నడవడికి గాని సమ్మతములు కావు.

మూడు హేతువులు

చరకసంహిత సూత్రస్థానము వ్యాధులకు మూడు హేతువులను చెప్పినది. అవి అసాత్మ్యేంద్రియార్థ సంయోగము, ప్రజ్ఞాపరాధము, పరిణామము. ఇంద్రియములు తమ విషయములతో అతిగా గాని, బొత్తిగా లేక గాని, అనుచితముగా గాని కూడుట మొదటిది. బుద్ధి, నిగ్రహము, స్మృతి తప్పి మనుజుడు తనకు కీడైన పనినే చేయుట రెండవది. కాలగతివలనను, ఋతువుల వైపరీత్యమువలనను కలుగు మార్పు మూడవది.

ప్రజ్ఞాపరాధమునకు దృష్టాంతముగా మధుమేహమును చూడుడు. కదలక కూర్చుండు సుఖము, నిద్రాసుఖము, పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు – వీని అతిసేవనము ప్రమేహమునకు కారణమని చరకుడు ఏనాడో చెప్పెను. వంశమున వచ్చు లక్షణముతోపాటు స్థూలకాయము, శరీరశ్రమ లేకపోవుట ఈ వ్యాధికి తోడగునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. ఉపేక్షించినచో దీని ఫలము కన్నులకును, మూత్రపిండములకును, గుండెకును, పాదములలోని నరములకును సోకును. పాదములలో స్పర్శ తగ్గినవాడు ఎండకు కాగిన రాతిబండలపై నడచి బొబ్బలెక్కినను ఎరుగడు. అట్టి యాత్రికులు ప్రదక్షిణమునకు చల్లనివేళను ఎంచుకొని, బసకు చేరినంతనే పాదములను పరీక్షించుకొనవలయును. ప్రసాదమును కాదనరాదని లడ్డూలను, చక్కెరపొంగలిని కడుపునిండ ఆరగించు మధుమేహులు కలరు. ప్రసాదమహిమ పరిమాణమునందు లేదు. కన్నులకద్దుకొని స్వీకరించిన కణమును ప్రసాదమే.

ఊరంతటికి వచ్చు వ్యాధి

ఒక్కొక్కని నడవడివలన వచ్చు వ్యాధులు ఇట్టివి. ఒక ఊరివారందరును ఒక్కసారి ఏల జబ్బుపడుదురు? ఈ ప్రశ్నయే చరకసంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసమను అధ్యాయమునకు మూలము. గంగాతీరమున కాంపిల్య నగరమునకు సమీపమున ఆత్రేయ మహర్షిని శిష్యుడగు అగ్నివేశుడు ఇట్లడిగెను: ప్రకృతి, ఆహారము, బలము, వయస్సు వేరువేరుగా గల జనులు ఒకే వ్యాధిచే ఒకే కాలమున ఎట్లు నశింతురు? అందరికిని సమానమైనవి నాలుగు కలవని మహర్షి బదులు చెప్పెను. అవి వాయువు, జలము, దేశము, కాలము. అవి చెడినచో జనపదమే చెడును. ఆ చెడుటకును మూలము ప్రజ్ఞాపరాధమే యని ఆయన నిర్ణయము.

యాత్రికులు ఈ అధ్యాయమును తప్పక మననము చేయవలెను. 1867లో హరిద్వారమున కుంభమేళాకు చేరిన యాత్రికులలో కలరా పొడసూపి, వారు ఇండ్లకు మరలినకొలది ఉత్తరభారతమున వ్యాపించినది. ఆనాడు దాని మూలము వైద్యులకును స్పష్టముగా తెలియదు. 1884లో రాబర్ట్ కాక్ అను జర్మను శాస్త్రవేత్త కలకత్తాలో రోగుల ప్రేగులయందును, ఒక చెరువునీటియందును కలరా సూక్ష్మజీవిని కనుగొనెను. రోగి మలము నీటిలో చేరుట, ఆ నీటిని ఇతరులు త్రాగుట – ఇదియే దాని మార్గము. జలములలో మలమూత్రవిసర్జనము, ఉమ్మివేయుట కూడదని మన ధర్మశాస్త్రములు చేసిన నిషేధములో ఎంత హితమున్నదో దీనివలన తెలియును. పుష్కరిణియందు సబ్బును, ఎంగిలియాకులను విడుచువాడు ఆ నిషేధమును మీరినవాడే. స్నానము చేసిన నీటిని భక్తితో శిరమున చల్లుకొనవచ్చును. త్రాగుటకు మాత్రము కాచి చల్లార్చిన నీటినే వాడవలెను.

కలరా ప్రాణము తీయుట ముఖ్యముగా దేహమునందలి నీరు, లవణములు తరలిపోవుటవలననే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమబెంగాలులోని బన్‌గావ్ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి, నూటికి సుమారు 30గా నున్న మరణములను 4కు లోపుగా తగ్గించెను. అతిసారము కలిగినపుడు వాడు పొట్లములు నేడు మందుల దుకాణములన్నిటను లభించును. అవి లేనిచోట ఒక లీటరు శుద్ధజలమున ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి, చెంచాలను సమముగా కొలిచి, కొంచెము కొంచెముగా త్రాగించుచు రోగిని వైద్యునికడకు చేర్చవలెను.

దైవమా, పురుషకారమా?

ఆయువు ముందే నిర్ణయమైయుండగా చికిత్స దేనికని కొందరందురు. పైని చెప్పిన అధ్యాయముననే అగ్నివేశుడు ఈ సందేహమును గూడ అడిగెను. పూర్వదేహమున చేసిన కర్మ దైవము, ఈ దేహమున చేయునది పురుషకారము, ఆయువు ఈ రెంటిపై ఆధారపడియున్నదని ఆత్రేయుని సమాధానము. బలహీనమైన దైవమును బలమైన పురుషకారము అణచగలదు. ఆయన చెప్పిన ఉపమానము మన రైతులకు చిరపరిచితము. బండియిరుసు సక్రమముగా వాడినచో తన కాలము తీరిన పిదపనే అరుగును. అధికభారము వేసినను, మిట్టపల్లములలో తోలినను, కందెన వేయకున్నను నడిత్రోవలోనే విరుగును. అట్లు విరిగిన యిరుసునకు కాలము తీరినదనుట బండివాని తప్పును కప్పుటయే.

ప్రార్థన చేయువానికి మందేల యని మరికొందరందురు. క్షీరసాగర మథనమున అమృతకలశముతో వెలువడిన ధన్వంతరి శ్రీమన్నారాయణుని అంశమని భాగవతము చెప్పుచున్నది. స్వామియే వైద్యుడై అవతరించి యుండగా వైద్యమును నిరాకరించుట భక్తి యెట్లగును? మేల్పత్తూరు నారాయణ భట్టతిరి వాతవ్యాధితో బాధపడుచు గురువాయూరప్పని సన్నిధిని నారాయణీయమును రచించిన విషయము లోకవిదితము. ప్రార్థన రోగికి ధైర్యమును, స్థైర్యమును ఇచ్చును. ఆ ధైర్యముతో మందును విడువక సేవించుటయు ప్రార్థనలో భాగమే.

రోగి పాపి కాడు

ఇక రెండవ అనర్థము. యామునాచార్యుల శిష్యులలో మాఱనేరి నంబి ఒకరు. ఆనాటి సమాజము తక్కువగా చూచిన కులమున జన్మించినవారు. ఆచార్యుని బాధించిన పుండువ్యాధిని తమకు ప్రసాదముగా నిమ్మని యాచించి స్వీకరించిరని గురుపరంపర చెప్పుచున్నది. వారు పరమపదించినపుడు పెరియనంబి స్వయముగా అంత్యసంస్కారము నిర్వహించిరి. శ్రీరంగమున పలువురు ఆక్షేపింపగా, భగవద్రామానుజులు కారణమడిగిరి. శ్రీరాముడు జటాయువునకు, ధర్మరాజు విదురునకు చేసినదే తాను చేసితినని పెరియనంబి చెప్పిరి. ఆ దేహమున పుండ్లుండుట ఆయన భాగవతత్వమునకు లోపము కాలేదు. ఇది మన సంప్రదాయము చూపిన త్రోవ.

కుష్ఠరోగుల విషయమున మనము ఈ త్రోవను మరచితిమి. ఆ వ్యాధికి మూలము ఒక సూక్ష్మజీవియని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. అది ముఖ్యముగా చర్మమునకును నరములకును సోకును. అంగవైకల్యము స్పర్శ నశించిన అవయవములకు దెబ్బలు తగులుటవలనను, కండరములు చచ్చుపడుటవలనను వచ్చును. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన బహుళౌషధ చికిత్సతో ఈ వ్యాధి పూర్తిగా నయమగుచున్నది. స్పర్శలేని పాలిపోయిన మచ్చ కనబడినంతనే ప్రభుత్వ వైద్యశాలకు వెళ్లినచో వైకల్యమే రాకుండును. 1898నాటి కుష్ఠరోగుల చట్టము 2016లో రద్దయినది. ఈ వ్యాధి విడాకులకు కారణముగా నుండుట 2019లో తొలగింపబడినది. చట్టములు మారినవి, మన మనస్సులును మారవలసియున్నది.

కావున మన యింట ఎవరికైన వ్యాధి కలిగినపుడు ఏ పాపఫలమో యని తరచిచూచుట మన పని కాదు. కారణమును వైద్యుని అడిగి తెలిసికొనుట, మందును వేళకిచ్చుట, నీటిని శుద్ధముగా నుంచుట, రోగి ప్రక్కన కూర్చుండి స్వామి నామమును వినిపించుట మన పని. అంతర్యామియై ఆ రోగియందు వేంచేసియున్న శ్రియఃపతికి ఇదియు కైంకర్యమే.