ఎండాకాలంలో ఉన్ని టోపీ

రోహిణీ కార్తె. రోళ్ళు పగిలే ఎండలు.

జిల్లా ఆసుపత్రిలో పిల్లల వార్డు. ఒక తల్లి మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఏడాదిన్నర బాబు. బాబుకు గజ్జల్లో బుడిపె ఉంది. ఏడిస్తే ఉబ్బుతుంది. దాన్ని హెర్నియా అంటారు. ఆ రోజే ఆపరేషన్.

ఉక్కపోతకు అత్తమ్మ మనవడి చొక్కా విప్పేసింది. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది. విసనకర్రతో విసురుతోంది. అంతలో నర్సమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఉన్ని టోపీ, మేజోళ్ళు, దుప్పటి ఉన్నాయి.

"బాబు ఒళ్ళు పొడిగా తుడవండి. ఇవి తొడగండి" అంది నర్సమ్మ.

అత్తమ్మ ముక్కున వేలేసుకుంది. "ఇదేం చోద్యమమ్మా! బయట నిప్పులు కురుస్తుంటే ఉన్ని టోపీ ఏమిటి?"

"ఎండ బయట ఉంది పెద్దమ్మా. ఆపరేషన్ గదిలో ఏసీ ఉంటుంది. అక్కడ బాబు ఒంటి మీద బట్ట ఉండదు. పైగా మత్తులో ఉంటాడు" అంది నర్సమ్మ. మంచం పక్కన నిలబడి అన్నీ విడమరిచి చెప్పింది.

చిన్న గిన్నె తొందరగా చల్లారుతుంది

పెద్ద కుండలో గంజి చాలాసేపు వేడిగా ఉంటుంది. అదే గంజిని చిన్న గిన్నెలో పోస్తే? ఇట్టే చల్లారిపోతుంది. పెద్దవాళ్ళ ఒళ్ళు కుండ లాంటిది. పసిపిల్లల ఒళ్ళు గిన్నె లాంటిది. వాళ్ళ చర్మం పలచన. చర్మం కింద కొవ్వు తక్కువ. ఒంటికి తగ్గ తల కాదు, పెద్ద తల. తల నుంచి చాలా వేడి పోతుంది. అందుకే టోపీ.

మనకు చలేస్తే వణుకుతాం. వణికితే ఒంట్లో వేడి పుడుతుంది. పసికందులకు సరిగా వణకడం కూడా రాదు.

మత్తు ఇస్తే ఏమవుతుంది?

మన ఒళ్ళు ఒక ఇల్లు అనుకోండి. ఇంటి నడుమ పొయ్యి మండుతోంది. బయట చలిగా ఉంటే తలుపులు మూస్తాం. వేడి లోపలే ఉంటుంది. చలేసినప్పుడు చర్మంలోని రక్తనాళాలు అలాగే ముడుచుకుంటాయి. వేడిని లోపల దాచుకుంటాయి.

మత్తుమందు ఇస్తే ఆ తలుపులు తెరుచుకుంటాయి. లోపలి వేడి చర్మంలోకి వస్తుంది. అక్కడి నుంచి బయటికి పోతుంది. వణుకూ రాదు. బిడ్డ నిద్రలో ఉంటుంది. "చలేస్తోంది" అని ఏడవలేదు.

ఇంకో సంగతి. కోసే చోట మందునీళ్ళతో శుభ్రం చేస్తారు. తడి ఆరేటప్పుడు ఒంటి వేడిని లాగేసుకుంటుంది. చల్లని సెలైన్ ఎక్కించినా వేడి తగ్గుతుంది.

చలి పడితే ఏం నష్టం?

ఒళ్ళు చల్లబడితే రక్తం తొందరగా గడ్డకట్టదు. గాయం నుంచి ఎక్కువ పోతుంది. గాయం చీము పట్టే భయం ఉంది. మత్తు తొందరగా దిగదు. బిడ్డ ఆలస్యంగా లేస్తుంది. పసికందులకు ఊపిరి కూడా సరిగా ఆడకపోవచ్చు.

అందుకే ఆపరేషన్ గదిని ముందే కాస్త వెచ్చగా ఉంచుతారు. కోసే చోటు తప్ప మిగతా ఒళ్ళు కప్పుతారు. సెలైన్‌ను వెచ్చబెట్టి ఎక్కిస్తారు. కొన్ని ఆసుపత్రుల్లో గొట్టంతో వెచ్చని గాలి నింపే దుప్పటి ఉంటుంది. మత్తు డాక్టరు బిడ్డ ఒంటి వేడిని చూస్తూనే ఉంటారు.

"మామూలు వేడి 98.6 డిగ్రీలు. 96.8 కంటే తగ్గిందంటే ఒళ్ళు చల్లబడినట్టే" అంది నర్సమ్మ.

తల్లి ఆ అంకెను మనసులో పెట్టుకుంది. ఆమె రాత్రిబడిలో చదువుకుంది. అంకెలు చదవడం వచ్చు.

వెచ్చని పాలు వద్దు

అత్తమ్మకు ఒక ఆలోచన వచ్చింది. "కాసిని వెచ్చని పాలు పట్టనా? కడుపులో వెచ్చగా ఉంటుంది."

"వద్దు పెద్దమ్మా! ప్రాణం మీదికి వస్తుంది" అంది నర్సమ్మ. మత్తులో వాంతి అయితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే అన్నం, పోతపాలు 6 గంటల ముందే ఆపమంటారు. తల్లిపాలు 4 గంటల ముందు ఆపమంటారు. మంచినీళ్ళు ఎప్పటిదాకా పట్టవచ్చో డాక్టరు చెబుతారు. పొరపాటున పట్టినా దాచకూడదు. వెంటనే చెప్పాలి.

96.2

ఆపరేషన్ అయింది. బాబును బయటికి తెచ్చారు. ఇంకా మగతగా ఉన్నాడు. నర్సమ్మ ఇంకో బిడ్డ దగ్గర ఉంది. తల్లి బాబు పొట్ట మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది.

"అమ్మా, బాబు ఒళ్ళు చల్లగా ఉంది. ఒకసారి చూడండి" అని పిలిచింది.

నర్సమ్మ చంకలో థర్మామీటరు పెట్టింది. తల్లి అంకె చదివింది. 96.2.

"తక్కువ ఉంది కదమ్మా?"

"అవును. మంచి పని చేశావు" అంది నర్సమ్మ. డాక్టరును పిలిచింది. బాబుకు వెచ్చగాలి దుప్పటి వేశారు.

ఈలోగా అత్తమ్మ టీ కొట్టుకు పోయింది. సీసా నిండా వేడినీళ్ళు తెచ్చింది. "మా రోజుల్లో బాలింత మంచం కింద కుంపటి పెట్టేవాళ్ళం. ఈ సీసా వాడి పక్కన పెట్టు" అంది.

తల్లి సీసా అందుకుని దూరంగా పెట్టింది. "వద్దత్తమ్మా. బాబు మత్తులో ఉన్నాడు. కాలినా ఏడవలేడు. బొబ్బ లేచేదాకా మనకు తెలియదు."

అత్తమ్మ ఏమీ అనలేదు. కాసేపాగి టోపీ సరిచేసింది. బాబు ముఖం మీద దుప్పటి పడకుండా పట్టుకుంది.

అరగంట తర్వాత మళ్ళీ చూశారు. 97.7. బాబు కళ్ళు తెరిచాడు. గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని అత్తమ్మ నవ్వింది. డాక్టరు సరేనన్నాక తల్లి పాలిచ్చింది.

గుర్తుంచుకోండి

1. ఆపరేషన్‌కు ముందు బిడ్డను పొడిగా, వెచ్చగా ఉంచాలి.
2. జ్వరం, జలుబు ఉంటే దాచకుండా చెప్పాలి.
3. చేతులు, కాళ్ళు కాదు, పొట్ట, వీపు తాకి చూడాలి.
4. వేడినీళ్ళ సీసా, కుంపటి బిడ్డ దగ్గర పెట్టకూడదు.
5. ముఖం కప్పకూడదు. ఒళ్ళు వెచ్చబడ్డాక దుప్పట్లు తగ్గించాలి.
6. "మా బిడ్డకు చలి పట్టకుండా ఏం చేస్తారు?" అని డాక్టరును అడగవచ్చు. అది మన హక్కు.

జవాబులు చెప్పండి

1. ఎండాకాలంలో బాబుకు ఉన్ని టోపీ ఎందుకు పెట్టారు?
2. మత్తుకు ముందు పాలు ఎందుకు పట్టకూడదు?
3. అంకెలు చదవడం ఆ తల్లికి ఎలా పనికొచ్చింది?
4. మీ ఇంట్లో థర్మామీటరు ఉందా? మీ బిడ్డ ఒంటి వేడి చూసి ఇక్కడ రాయండి: ......... డిగ్రీలు.