బుధవారం సాయంత్రం నీది

ఓక్లండ్

చి.ల.సౌ. బుజ్జికి,

మొన్న ఫోన్లో "నీకంత తీరిక ఎక్కణ్ణుంచి వస్తుందక్కా?" అని అడిగావు. ఇంతలో చంటాడు లేచాడు, మాట అక్కడే ఆగిపోయింది. ఫోన్లో తెమిలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

నాకు తీరిక లేదే. పిల్లలూ ఉద్యోగమూ ఉన్న ఇంట్లో ఎవరికుంటుంది? పనులన్నీ అయ్యాక కాస్త మిగులుతుందిలే అనుకుంటే, గిన్నెలు కడిగేసరికి రేపటి లంచ్ బాక్సులు గుర్తొస్తాయి. అందుకే వారంలో ఒక గంట ముందే పక్కన పెట్టేశాను. బుధవారం సాయంత్రం ఏరియల్ క్లాసు, అదే, బట్ట పట్టుకుని గాల్లో విన్యాసాలు చేసేది. ఆ పూట వంట మీ బావది. పప్పూ అన్నమూ పెడతారో, బయటినుంచి తెప్పిస్తారో నేను అడగను. నువ్వు కూడా ఇంట్లో "వీలైతే వెళ్తాను" అనకు. "బుధవారం నేనుండను" అని చెప్పెయ్. మొదట్లో అందరికీ ఇబ్బందిగానే ఉంటుంది, తర్వాత అలవాటు పడతారు.

నడకో యోగానో సరిపోదా అంటావేమో. వాటిలో తప్పేమీ లేదు. కానీ నడుస్తూ ఆఫీసు కాల్ మాట్లాడుకోవచ్చు, శవాసనంలో కూరగాయల లిస్టు రాసుకోవచ్చు. గుడ్డ పట్టుకుని గాల్లో వేలాడుతుంటే అవేవీ కుదరవు. పైనున్న దూలం నుంచి సాగే నైలాన్ బట్ట రెండు పాయలుగా దిగి ఉంటుంది. మొదటి క్లాసుల్లోనే ఫుట్ లాక్ నేర్పుతారు. బట్టని కాలి చుట్టూ తిప్పి, రెండో పాదంతో దాని కొసని పైకి లాగి, పాదం మీదుగా వేసి నిలబడాలి. ముడి అంటూ ఏమీ ఉండదు. నీ బరువుకే బిగుసుకుంటుంది, బరువు తీసి పాదం కదిపితే వదులవుతుంది. ఆ చుట్టు వేసేంతసేపూ చేతుల మీదే వేలాడాలి. ముంజేతులు మండిపోతాయి. ఆ కాసేపు ఫ్రిజ్‌లో పాలున్నాయో లేవో నీకు గుర్తు రమ్మన్నా రాదు. నన్నిన్నేళ్లుగా అక్కడికి లాక్కెళ్తున్నది ఆ కాసేపే.

పైగా ఇది మధ్యలో వదిలేస్తే ఊరుకోదు. కొన్ని వారాలు మానితే పట్టు తగ్గుతుంది, అరచేతుల్లో కాసిన కాయలు మెత్తబడి మళ్లీ మొదటి మంట. అందుకని బద్ధకంగా ఉన్నా వెళ్తావు. బరువు తగ్గడానికని మాత్రం మొదలుపెట్టకు, అప్పుడు ఆ గంట కూడా ఇంకో పనైపోతుంది. కొన్నాళ్లు వీడియోలు కూడా తియ్యకు.

"ఈ వయసులోనా" అని నసిగావు చూడు, దానికీ జవాబుంది. 1859లో ప్యారిస్‌లో జూల్ లియొటార్ ఒక ట్రపీజ్ (తాళ్లకి వేలాడే కడ్డీ) నుంచి ఇంకోదానికి ఎగిరినప్పటి నుంచీ అది సర్కస్‌వాళ్ల విద్య, ఎంత ఎత్తయితే అంత గొప్ప. 1970ల్లో మా బే ఏరియాలోనే టెర్రీ సెండ్‌గ్రాఫ్ అనే ఆవిడ ఆ ట్రపీజ్‌ని నేలకి దగ్గరగా దించింది. నేల మీద నాట్యం చేస్తూ చేస్తూ గాల్లోకి లేచి, మళ్లీ కాలు ఆనించి కొనసాగించవచ్చు. ఆవిడ 1933లో పుట్టింది, లెక్క నువ్వే వేసుకో. నా దృష్టిలో ఆవిడ చేసిన మేలు ఇదే: ఎత్తంటే భయపడేవాళ్లకీ చోటు దొరికింది. నీకైతే బోల్డర్ పక్కనే. అక్కడ నాన్సీ స్మిత్ 1988లో పెట్టిన ఫ్రీక్వెంట్ ఫ్లయర్స్ అనే ఏరియల్ డాన్స్ సంస్థ ఉంది. కొత్తవాళ్ల క్లాసులకి చేరు.

అమ్మ "సర్కసేమిటే" అంటుంది. ముంబై దాదర్‌లో శివాజీ పార్కు వ్యాయామశాలలో ఆడపిల్లలు తాడు మల్లఖంబ్ చేస్తారని చెప్పు. తాడుకి వేలాడుతూ ఆసనాలు వేసే విద్య మన దేశంలోనూ ఉందని తెలిస్తే కాస్త తగ్గుతుంది.

ఇక జాగ్రత్తలు. కాన్పయి ఏడాదైనా కాలేదు కాబట్టి ముందు డాక్టర్ని అడుగు. పొట్ట కండరాలు, కటి కండరాలు కుదురుకున్నాయో లేదో చూడమను. మోకాళ్ల వెనక బట్ట ఒరుసుకుని కమిలిపోతుంది, నిండు లెగింగ్సే వేసుకో. ఆ రోజు ఒంటికి లోషన్ రాయకు, చేతులు జారతాయి. గాజులు, ఉంగరాలు, నల్లపూసలు, మెట్టెలు అన్నీ తీసెయ్యాలి. మెట్టెలు మరీ ముఖ్యం, ఫుట్ లాక్‌లో బట్టని పట్టేస్తాయి. అత్తయ్యగారు ఏమంటారోనని దాచకు. కారణం నువ్వే చెప్పు, వేలు తెగుతుందంటే ఏ పెద్దావిడ వద్దంటుంది? ఇంట్లో సీలింగ్‌కి కొక్కెం కొట్టించి మాత్రం చెయ్యకు. పైనుంచి జారి ఆగినప్పుడు కొక్కెం మీద నీ బరువుకి ఎన్నో రెట్లు పడుతుంది. ఆ లెక్క తెలిసినవాళ్లు కొక్కెం బిగించిన చోటే, కింద మందపాటి పరుపు ఉన్న చోటే వేలాడాలి.

మొదటి నెల డబ్బు నేను కడతాను. ఏ వారం కుదురుతుందో మరిదితో మాట్లాడి ఆదివారంలోపు చెప్పు. బుధవారమే కానక్కర్లేదు, ఆయనకి మీటింగులు లేని సాయంత్రం ఏదైనా సరే. చంటాడు సీసా పాలు తాగడానికి ఇంకా మొరాయిస్తున్నాడా? ఆ గంటకి ముందు పాలిచ్చి వెళ్లేలా క్లాసు చూసుకో.

ప్రేమతో,
అక్క