కదిలే తోకచుక్కకు కదలని ఫోటో

2024 అక్టోబరు మధ్యలో, పొద్దు గుంకిన తరువాత పడమటి ఆకాశంలో ఒక తోకచుక్క కనిపించింది. పేరు సుచిన్‌షాన్-అట్లాస్. 2023లో చైనాలోని పర్పుల్ మౌంటెన్ వేధశాల, దక్షిణాఫ్రికాలోని అట్లాస్ దూరదర్శిని దానిని విడివిడిగా కనిపెట్టాయి. అక్టోబరు 12న అది మనకు సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వచ్చింది. ఎందరో ఔత్సాహికులు ఫోటోలు తీశారు.

తోకచుక్కల ఫోటోలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వింత కనబడుతుంది. కొన్నింటిలో నక్షత్రాలు చుక్కలుగానే ఉంటాయి గాని తోకచుక్క తల అలుక్కుపోయి ఉంటుంది. కొన్నింటిలో తల స్ఫుటంగా ఉంటుంది, నక్షత్రాలు గీతలవుతాయి. మరికొన్నింటిలో రెండూ స్ఫుటమే! ఏది నిజమైన ఫోటో?

జవాబు చెప్పాలంటే రెండు కదలికల సంగతి చూడాలి. మొదటిది భూమిది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున పడమరకు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. డిగ్రీలో 3600వ వంతును వికల అంటారు. అంటే ఆకాశం సెకనుకు 15 వికలలు జరుగుతుందన్నమాట. 100 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకంతో మామూలు డిజిటల్ కెమెరాలో ఒక్కొక్క పిక్సెల్ సుమారు 8 వికలల ఆకాశాన్ని చూస్తుంది. కెమెరాను స్టాండు మీద ఎంత గట్టిగా బిగించినా, ఒక్క సెకనులో నక్షత్రం దాదాపు 2 పిక్సెళ్ళు దాటిపోతుంది. కనుక రెండు సెకన్లకు మించి షట్టరు తెరిచి ఉంచి లాభం లేదు. (సూర్యుడు పూర్తిగా అస్తమించాకనే కెమెరా ఎత్తండి. కటకంలో నుంచి సూర్యుని చూస్తే కన్ను పోతుంది.)

రెండు సెకన్లలో పడే వెలుతురు ఎంత? చాలా తక్కువ. కెమెరాలో తనంత తానుగా పుట్టే చిల్లర చుక్కలలో పలచని తోక కలిసిపోతుంది. ఈ చిల్లరనే నాయిస్ అంటారు. మనం రొద అందాము. దీనికి మందు, అలాంటి చిన్న ఫోటోలు ఎన్నో తీసి కలపడం. మీ తరగతిలో నలభై మంది ఆటస్థలం పొడవు కొలిచారనుకోండి. ఒకరికి ఎక్కువ వస్తుంది, ఒకరికి తక్కువ వస్తుంది. సగటు తీస్తే తేడాలు ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. రొద కూడా అంతే. 16 ఫోటోల సగటులో అది నాలుగో వంతుకు, 64 ఫోటోల సగటులో ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఇది వర్గమూలం లెక్క గనుక, రొదను మళ్ళీ సగం చేయాలంటే నాలుగు రెట్లు ఫోటోలు కావాలి!

ఇక రెండవ కదలిక తోకచుక్కది. అది సూర్యుని చుట్టూ తిరుగుతూ నక్షత్రాల మధ్య రోజుకు ఒక డిగ్రీ జరుగుతోందనుకుందాము. గంటకు 150 వికలలు. నలభై నిమిషాలలో 100 వికలలు, అంటే మన కెమెరాలో సుమారు 12 పిక్సెళ్ళు. ఫోటోలను నక్షత్రాలు కలిసేలా పేరిస్తే తల అలుక్కుపోతుంది. తల కలిసేలా పేరిస్తే నక్షత్రాలు గీతలవుతాయి. డీప్‌స్కైస్టాకర్ వంటి ఉచిత ప్రోగ్రాములు రెండు విధాలుగానూ పేర్చగలవు. ప్రతి ఫోటోలో తల ఎక్కడుందో మనం గుర్తు పెట్టాలి.

గీతలను పోగొట్టడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. ఒక పిక్సెల్ దగ్గర ఐదు ఫోటోల వెలుగు 12, 13, 12, 90, 13 అనుకోండి. ఆ 90 దారిన పోయిన నక్షత్రం. సగటు తీస్తే 28 వస్తుంది, మచ్చ మిగులుతుంది. మధ్యగతం తీస్తే 13! నక్షత్రం మాయం. ఇలా వచ్చిన తోకచుక్కను, స్ఫుటమైన నక్షత్రాల ఫోటోలో అతికిస్తే మూడవ రకం బొమ్మ తయారవుతుంది. అది అబద్ధం కాదు గాని, ఒక్క క్షణంలో తీసిన ఫోటో మాత్రం కాదు. అలా చేసినపుడు ఆ సంగతి ఫోటో కింద రాయాలి.

తరువాత మసకగా ఉన్న తోకను పైకి తేవడానికి వెలుగును పెంచుతారు. ఇక్కడే కంటికి మోసం మొదలవుతుంది. తలలో కనిపించే ఆకుపచ్చ రంగు రెండు కార్బన్ పరమాణువుల అణువుది. సూర్యకాంతికి ఆ అణువు విడిపోతుంది గనుక ఆ రంగు తోక పొడవునా సాగదు. ధూళి తోక పసుపు కలిసిన తెలుపు, అయాన్ల తోక నీలం. ఫోటోలో ఆకుపచ్చని తోక పొడవుగా కనిపిస్తే, రంగు దిద్దినవారిని అనుమానించవచ్చు.

అలాగని వింతగా ఉన్నదంతా తప్పు కాదు. సుచిన్‌షాన్-అట్లాస్ ఫోటోలలో సూర్యుని వైపుకే ఒక సన్నని గీత కనిపించింది. తోక సూర్యునికి ఎదురుదిశలో కదా ఉండాలి? అయినా అది నిజమే. తోకచుక్క కక్ష్యాతలాన్ని భూమి దాటుతున్న రోజులవి. ఆ తలంలో పరచుకున్న ధూళి మనకు అంచు నుంచి కనిపించి గీతలా తోచింది. మీ ఫోటోలో ఇలాంటిది కనిపిస్తే ఒక పరీక్ష చేయండి. సరి సంఖ్య ఫోటోలను వేరుగా, బేసి సంఖ్య ఫోటోలను వేరుగా పేర్చండి. గీత రెండింటిలోనూ అదే చోట ఉంటే దానిని పట్టించుకోవాలి. ఒకదానిలోనే ఉంటే అది బహుశా ఉపగ్రహమో విమానమో.

అసలు ఫోటోలను, తీసిన తేదీ, సమయం, ఊరు వివరాలతో సహా, చెరిపివేయకుండా దాచండి. హైదరాబాదులో పెరిగిన వైనూ బప్పు 1949లో అమెరికాలోని హార్వర్డ్‌లో చదువుకుంటూ, ఒక ఫోటో పలకను పరిశీలిస్తున్నపుడే కొత్త తోకచుక్కను కనుగొన్నారు. బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క అదే.